170 కోట్ల సెకన్లు అంటే ఏ తేదీ? పైథాన్‌లో తేదీలు, యూనిక్స్ టైమ్‌స్టాంపులు

అందరికీ నమస్కారం. బోర్డు మీద ఒక అంకె రాశాను, చూడండి. ఒకటి, ఏడు, ఆ తర్వాత ఎనిమిది సున్నాలు. మన లెక్కలో 170 కోట్లు. ఇదొక యూనిక్స్ టైమ్‌స్టాంప్. ఇది ఏ తేదీ? లాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు పైథాన్ తెరవండి. డేట్‌టైమ్ మాడ్యూల్ నుంచి డేట్‌టైమ్ క్లాస్‌ని ఇంపోర్ట్ చేసుకుని, డేట్‌టైమ్ డాట్ ఫ్రమ్‌టైమ్‌స్టాంప్ అని కొట్టి, బ్రాకెట్లో ఈ అంకె ఇవ్వండి. ఏమొచ్చింది? 2023 నవంబర్ 15, తెల్లవారుజామున 3 గంటల 43 నిమిషాల 20 సెకన్లు. అందరికీ అదే వచ్చిందా? మంచిది. ఇప్పుడు ఇదే లైన్‌ని యూటీసీలో, అంటే ప్రపంచమంతా ఆధారంగా పెట్టుకున్న టైమ్‌లో, నడిచే క్లౌడ్ సర్వర్ మీద నడపండి. 2023 నవంబర్ 14, రాత్రి 10 గంటల 13 నిమిషాల 20 సెకన్లు అంటుంది. అంకె అదే, కోడ్ అదే, తేదీ మాత్రం వేరు. ఏది తప్పు?

ఏదీ తప్పు కాదు. ఈ పూట నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది. టైమ్‌స్టాంప్ ఒక క్షణాన్ని చెబుతుంది. ఆ క్షణానికి ఫలానా ఊళ్లో గోడ గడియారం, గోడ క్యాలెండర్ ఏం చూపిస్తున్నాయో తేదీ చెబుతుంది. ఒకదాన్ని రెండోదిగా మార్చాలంటే ఏ ఊరో తెలియాలి. మీరు చెప్పకపోతే పైథాన్ ఆగి అడగదు. తను నడుస్తున్న మెషీన్ ఏ టైమ్‌జోన్‌లో ఉందో చూసుకుని దాన్నే వాడేస్తుంది. మన దగ్గర కనిపించే తేదీ తప్పుల్లో చాలా వరకు ఇక్కడ పుట్టినవే.

ముందు ఈ అంకె ఎలా వస్తుందో చూద్దాం. 1970 జనవరి 1, యూటీసీ ప్రకారం అర్ధరాత్రి సున్నా గంటలు. అక్కడి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయన్నదే ఈ లెక్క. మన గడియారంలో అది గురువారం ఉదయం అయిదున్నర. మన టైమ్ యూటీసీ కంటే అయిదున్నర గంటలు ముందుంటుంది కదా, సెకన్లలో అది 19,800. ఈ 19,800ని గుర్తుపెట్టుకోండి, ఇవాళ మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. రోజుకి 86,400 సెకన్లు, కచ్చితంగా. మరి లీప్ సెకన్లో అని ఎవరైనా అడగొచ్చు, భూమి తిరిగే వేగంతో గడియారాలు సరిపోవడానికి అప్పుడప్పుడు కలిపే అదనపు సెకన్లు అవి. 1972 నుంచి 2016 చివరి దాకా 27 లీప్ సెకన్లు కలిపారు. యూనిక్స్ లెక్క వాటిని పట్టించుకోదు, ప్రతి రోజూ 86,400 అనే అనుకుంటుంది. బిల్లింగుకీ హాజరుకీ దీనివల్ల ఇబ్బంది లేదు, అందుకని ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తున్నాను.

ఒక తేదీని చేత్తో లెక్క కడదాం. తెలంగాణ ఏర్పడిన రోజు, 2014 జూన్ 2, మన టైమ్ ప్రకారం సున్నా గంటలు. 1970 నుంచి 2014 వరకు 44 ఏళ్లు. 44 ఇంటూ 365 అంటే 16,060. మధ్యలో 1972 నుంచి 2012 దాకా లీపు సంవత్సరాలు 11. కలిపితే 16,071 రోజులు. జనవరి నుంచి మే దాకా 151 రోజులు, జూన్ ఒకటో తేదీ ఇంకొకటి, మొత్తం 152. అంటే 16,223 రోజులు. దీన్ని 86,400తో హెచ్చవేస్తే 140 కోట్ల 16 లక్షల 67 వేల 200. అయిపోయిందా? లేదు. ఇది యూటీసీ అర్ధరాత్రి. మన అర్ధరాత్రి అంతకంటే అయిదున్నర గంటలు ముందే వచ్చేసింది. అందుకని 19,800 తీసేయాలి. తీసేస్తే 1401647400. దీన్ని రాసుకోండి, తర్వాత మీ కోడ్ సరిచూసుకోవడానికి పనికొస్తుంది. కలపాలా, తియ్యాలా అన్న దగ్గరే చాలామంది తడబడతారు. మన తేదీ నుంచి అంకెకి వెళ్లేటప్పుడు తీసేస్తాం, అంకె నుంచి మన తేదీకి వచ్చేటప్పుడు కలుపుతాం.

1970కి ముందు తేదీల మాటేమిటి? అంకె మైనస్‌లోకి వెళుతుంది, అంతే. 1956 నవంబర్ 1, ఆంధ్రప్రదేశ్ అవతరణ రోజు, మన అర్ధరాత్రి: మైనస్ 415517400. లినక్స్ మీద ఇది ఇబ్బంది పెట్టదు. విండోస్ మీద మాత్రం పైథాన్ చాలా వెర్షన్లలో ఫ్రమ్‌టైమ్‌స్టాంప్‌కి మైనస్ అంకె ఇస్తే ఓఎస్ ఎర్రర్ వస్తుంది, ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్ అంటుంది. అప్పుడేం చెయ్యాలి? 1970 జనవరి 1ని యూటీసీ జోన్‌తో ఒక డేట్‌టైమ్‌గా కట్టి, దానికి టైమ్‌డెల్టాతో అన్ని సెకన్లు కలపండి. మైనస్ అయినా పని చేస్తుంది, ఏ సిస్టమ్ మీదైనా పని చేస్తుంది.

ఇక కోడ్. అంకె నుంచి తేదీ కావాలంటే ఫ్రమ్‌టైమ్‌స్టాంప్‌కి రెండో ఆర్గ్యుమెంట్ తప్పకుండా ఇవ్వండి, టీజెడ్ అని ఉంటుంది. యూటీసీ కావాలంటే టైమ్‌జోన్ డాట్ యూటీసీ. మన టైమ్ కావాలంటే జోన్‌ఇన్‌ఫో మాడ్యూల్ నుంచి జోన్‌ఇన్‌ఫో క్లాస్ తెచ్చుకుని, ఏషియా స్లాష్ కోల్‌కతా. ఏషియా స్లాష్ హైదరాబాద్ అని రాస్తే దొరకదు, ఆ జాబితాలో మన దేశం మొత్తానికీ ఆ ఒక్క జోనే. పాత పేరు ఏషియా స్లాష్ కల్‌కటా కూడా ఇంకా పని చేస్తుంది. జోన్‌ఇన్‌ఫో పైథాన్ 3.9 నుంచి ఉంది. విండోస్ వాడేవాళ్లు పిప్‌తో టీజెడ్‌డేటా అనే ప్యాకేజీ కూడా వేసుకోవాలి, ఎందుకంటే జోన్ల సమాచారం పైథాన్‌కి కావలసిన రూపంలో విండోస్‌లో ఉండదు. ఒట్టి లినక్స్ కంటైనర్లలో కూడా ఒక్కోసారి ఇదే లోటు కనిపిస్తుంది. లాప్‌టాప్‌లో నడిచిన కోడ్ డాకర్‌లో జోన్ దొరకలేదని ఆగిపోతే ముందు చూడాల్సింది ఇదే.

మన దేశం ఒక్కటే కదా, జోన్‌ఇన్‌ఫో ఎందుకు, 19,800 కలిపేస్తే పోలా అంటారా? ఇవాళ్టి తేదీలకైతే సరిపోతుంది. కానీ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 దాకా, మన గడియారాలు ఇంకో గంట ముందుకి జరిపారు. యూటీసీ కంటే ఆరున్నర గంటలు. పాత పత్రికల తేదీల మీదా, చరిత్ర రికార్డుల మీదా పని చేసేవాళ్లకి 19,800తో గంట తేడా వస్తుంది. జోన్‌ఇన్‌ఫోకి ఆ సంగతి తెలుసు.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు. కాస్త నెమ్మదిగా చెబుతాను. ఇప్పటి క్షణం టైమ్‌స్టాంప్ కావాలి. డేట్‌టైమ్ డాట్ యూటీసీనౌ, దాని మీద డాట్ టైమ్‌స్టాంప్. చూడ్డానికి ఎంత శుభ్రంగా ఉందో! యూటీసీ టైమ్ తీసుకున్నాం, టైమ్‌స్టాంప్ చేశాం. ఇందులో తప్పేముంది? యూటీసీనౌ ఇచ్చే డేట్‌టైమ్‌లో అంకెలు యూటీసీవే, కానీ ఇది యూటీసీ అన్న సంగతి దాని మీద ఎక్కడా రాసి ఉండదు. జోన్ లేని డేట్‌టైమ్ అది. జోన్ లేని దాని మీద టైమ్‌స్టాంప్ పిలిస్తే పైథాన్ ఏమనుకుంటుంది? ఇది ఈ మెషీన్ లోకల్ టైమ్ అనుకుంటుంది. మీ లాప్‌టాప్ మన టైమ్‌లో ఉంది, అందుకని ఇంకో 19,800 తీసేస్తుంది. ఫలితం అయిదున్నర గంటలు వెనకటి అంకె. అదే కోడ్ యూటీసీ సర్వర్ మీద సరిగ్గా వస్తుంది. అందువల్ల ఈ తప్పు దొరకడం కష్టం. సర్వర్‌లో సరిగ్గా ఉంటుంది, లాప్‌టాప్‌లో తప్పు. ఎవరో ఒకరు లాప్‌టాప్‌లో చూసి 19,800 కలిపి సరిచేశామనుకుంటారు, అప్పుడు సర్వర్‌లో తప్పవుతుంది.

పైథాన్ 3.12లో యూటీసీనౌనీ, యూటీసీఫ్రమ్‌టైమ్‌స్టాంప్‌నీ వాడొద్దని డెప్రికేట్ చేసింది ఇందుకే. బదులుగా డేట్‌టైమ్ డాట్ నౌ, బ్రాకెట్లో టైమ్‌జోన్ డాట్ యూటీసీ. ఒట్టి అంకె చాలనుకుంటే టైమ్ డాట్ టైమ్ ఉంది, దానికి జోన్ గొడవే లేదు. పాత కోడ్‌లో టైమ్ డాట్ ఎమ్‌కేటైమ్, క్యాలెండర్ డాట్ టైమ్‌జీఎమ్ అని రెండు కనిపిస్తాయి. మొదటిది ఇచ్చిన టైమ్‌ని లోకల్ అనుకుంటుంది, రెండోది యూటీసీ అనుకుంటుంది. ఒకదాని చోట ఒకటి పెడితే మళ్లీ అదే 19,800.

మీ రిపోర్టులో ఏదైనా రెండు టైమ్‌లు సరిగ్గా అయిదున్నర గంటలు తేడాగా ఉన్నాయనుకోండి, లాజిక్ వెతకొద్దు. ఎక్కడో జోన్ లేని డేట్‌టైమ్ జొరబడింది. పదకొండు గంటలు తేడా వస్తే? ఎవరో రెండు సార్లు సరిచేశారు.

ఇప్పుడు అక్షరాల నుంచి అంకెకి. రికార్డులో తేదీ ఇలా ఉంది: 02-06-2014, తర్వాత 00:00:00. దీన్ని చదవడానికి స్ట్రిప్‌టైమ్ అంటాం కదా, ఆ ఫంక్షన్‌కి తేదీ ఏ వరసలో ఉందో చెప్పాలి. పర్సెంట్ చిన్న డి రోజు, పర్సెంట్ చిన్న ఎమ్ నెల, పర్సెంట్ పెద్ద వై నాలుగంకెల సంవత్సరం, పెద్ద హెచ్ గంట, పెద్ద ఎమ్ నిమిషం, పెద్ద ఎస్ సెకను. చిన్న ఎమ్ నెల, పెద్ద ఎమ్ నిమిషం, ఇది మరిచిపోవద్దు.

రోజూ నెలా తారుమారు చేస్తే ఏమవుతుంది? పైన చెప్పిన తేదీ 2014 ఫిబ్రవరి 6 అయిపోతుంది. ఎర్రర్ రాదు. 12వ తేదీ దాకా ఎర్రర్ రాదు, 13న వస్తుంది. నెల మొదట్లో టెస్ట్ చేసి రిలీజ్ చేసిన కోడ్ నెల మధ్యలో ఎందుకు పడిపోయిందో ఇప్పుడు అర్థమైంది కదా. పడిపోవడం నయం. మొదటి 12 రోజుల్లో నోరెత్తకుండా డేటాబేస్‌లోకి వెళ్లిపోయిన తప్పు తేదీలను ఏరడమే అసలు కష్టం.

ఇంకొకటి. రాత్రి 9:15 పీఎమ్ అని వచ్చింది. పర్సెంట్ పెద్ద హెచ్, చివర పర్సెంట్ చిన్న పి పెట్టారు. పైథాన్ ఎర్రర్ ఇవ్వదు, ఉదయం 9:15 ఇస్తుంది. పెద్ద హెచ్ అంటే 24 గంటల లెక్క, దాని పక్కన పీఎమ్ ఉన్నా పట్టించుకోదు. 12 గంటల గడియారానికి పెద్ద ఐ వాడాలి. సరిగ్గా 43,200 సెకన్ల తేడా కనిపిస్తే ఇక్కడ చూడండి.

స్ట్రిప్‌టైమ్ ఇచ్చిన డేట్‌టైమ్‌కీ జోన్ ఉండదు. ఇది మన టైమ్ అని మనమే చెప్పాలి. ఎలా? రెండు దారులు కనిపిస్తాయి, రీప్లేస్, ఆస్‌టైమ్‌జోన్. ఈ రెండిటి తేడా తెలిస్తే సగం పని అయినట్టే. రీప్లేస్‌లో టీజెడ్‌ఇన్‌ఫో ఇస్తే గడియారం అంకెలు కదలవు, జోన్ పేరు మాత్రం అంటుకుంటుంది. ఆస్‌టైమ్‌జోన్ చేస్తే క్షణం కదలదు, గడియారం అంకెలు మారతాయి. చదివిన తేదీ మన టైమే అని మీకు తెలుసు, పేరు మాత్రమే లేదు, కాబట్టి ఇక్కడ రీప్లేస్. ఆ తర్వాత డాట్ టైమ్‌స్టాంప్. 1401647400 వచ్చిందా? చేత్తో కట్టిన లెక్కతో సరిపోయింది. జోన్ లేని దాని మీద నేరుగా ఆస్‌టైమ్‌జోన్ పిలిస్తే, మళ్లీ మెషీన్ లోకల్ టైమ్ అనుకునే మొదలుపెడుతుంది.

పాత ప్రాజెక్టుల్లో జోన్ల కోసం పైటీజెడ్ అనే లైబ్రరీ ఉంటుంది. దాని జోన్‌ని రీప్లేస్‌తో పెట్టకండి. పెడితే మనకి అయిదున్నర బదులు 5 గంటల 53 నిమిషాలు పడుతుంది. అది కలకత్తా పాత స్థానిక కాలం, ఆ జోన్ చరిత్రలో మొదటి నమోదు. టైమ్‌స్టాంప్ 23 నిమిషాలు, అంటే 1,380 సెకన్లు తప్పుతుంది. పైటీజెడ్‌తో లోకలైజ్ అనే ఫంక్షనే వాడాలి. కొత్త కోడ్‌కి జోన్‌ఇన్‌ఫో చాలు.

తేదీ చివర ఐఎస్‌టీ అని ఉంటే? మూడక్షరాల పేర్లను నమ్మకండి. ఇండియా, ఇజ్రాయెల్, ఐర్లాండ్, ముగ్గురివీ ఐఎస్‌టీలే. పర్సెంట్ పెద్ద జెడ్ దాన్ని చదివినా ఫలితానికి జోన్ తగిలించదు. ప్లస్ 05:30 అని అంకెల్లో ఉంటే పర్సెంట్ చిన్న జెడ్ చక్కగా చదివి జోన్ పెడుతుంది. డేటా పంపేవాళ్లు మీ మాట వింటారనుకుంటే ఐఎస్ఓ రూపంలో, అంటే 2014-06-02T00:00:00+05:30 లాగా, యూటీసీతో తేడా చెప్పే ఆఫ్‌సెట్‌తో సహా పంపమనండి, ఫ్రమ్‌ఐఎస్ఓఫార్మాట్‌తో ఒక్క ముక్కలో చదవొచ్చు. ఒకే ఒక్క జాగ్రత్త, చివర యూటీసీకి గుర్తుగా జెడ్ అక్షరం ఉన్న తేదీని ఆ ఫంక్షన్ పైథాన్ 3.11 నుంచే ఒప్పుకుంటుంది.

సెకన్లా, మిల్లీసెకన్లా అన్నది చూద్దాం, ఇది త్వరగా అయిపోతుంది. పైథాన్ సెకన్లు, జావాస్క్రిప్ట్ మిల్లీసెకన్లు. అంకెలు లెక్కపెట్టండి. పదంకెలుంటే సెకన్లు, పదమూడుంటే మిల్లీసెకన్లు, పదహారు మైక్రో, పందొమ్మిది నానో. ఈ పదంకెల లెక్క 2001 సెప్టెంబర్ 9న, మన టైమ్ ఉదయం 7 గంటల 16 నిమిషాల 40 సెకన్లకి మొదలైంది, అప్పుడే వంద కోట్లు దాటింది. 2286 దాకా ఇదే కొనసాగుతుంది. మిల్లీసెకన్లు పైథాన్‌కి ఇస్తే యాభై అయిదు వేల చిల్లర సంవత్సరం వస్తుంది, 9999 దాటిన ఏడాదిని పైథాన్ ఒప్పుకోదు, వాల్యూ ఎర్రర్ ఇస్తుంది. అది మేలు, వెంటనే తెలుస్తుంది. సెకన్లు జావాస్క్రిప్ట్‌కి ఇస్తే ఎర్రర్ రాదు. మన 170 కోట్లు అక్కడ 1970 జనవరి 20 అయిపోతుంది. స్క్రీన్ మీద 1970 జనవరి కనిపిస్తే, వెయ్యితో హెచ్చవేయడం మరిచారన్నమాట.

ఇప్పుడు మన దగ్గర నిజంగా నష్టం చేసే సంగతికి వస్తున్నాను. రోజు ఎక్కడ మొదలవుతుంది? రోజువారీ అమ్మకాల రిపోర్టు రాస్తూ టైమ్‌స్టాంప్‌ని 86,400తో భాగించి రోజు నంబరు తీస్తారు. అది యూటీసీ రోజు. మనకి అది ఉదయం అయిదున్నరకి మొదలవుతుంది. అర్ధరాత్రి నుంచి అయిదున్నర దాకా జరిగినవన్నీ ముందు రోజు ఖాతాలో పడతాయి. పగలు మాత్రమే తెరిచే షాపుకి ఈ తేడా ఎప్పటికీ కనిపించదు. పాల సరఫరాకి, రాత్రి బస్సుల టికెట్లకి, ఆసుపత్రి రిజిస్టర్‌కి కనిపిస్తుంది. కాబట్టి ఇవాళ్టి తేదీని ఏషియా స్లాష్ కోల్‌కతా జోన్‌లో తీసుకుని, ఆ తేదీ సున్నా గంటలకి డేట్‌టైమ్ కట్టి, అంకె తియ్యండి. తర్వాతి తేదీకీ అలాగే తియ్యండి. మొదటిదానికి సమానమో ఎక్కువో అయి, రెండోదాని కంటే తక్కువగా ఉన్నవి ఇవాళ్టివి. 23:59:59 అని హద్దు పెట్టకండి, ఆఖరి సెకనులో అరసెకనుకి వచ్చిన రికార్డు జారిపోతుంది.

పుట్టినరోజులు? వాటిని టైమ్‌స్టాంప్ చెయ్యనే చెయ్యకండి. 1995 ఆగస్టు 15న పుట్టినవాళ్ల తేదీని మన అర్ధరాత్రిగా తీసుకుని అంకె చేస్తే, అది యూటీసీలో ఆగస్టు 14 సాయంత్రం ఆరున్నర. సర్వర్ దాన్ని తిరిగి తేదీ చేసినప్పుడు 14 అంటుంది. సర్టిఫికెట్ మీద ఒకటి, అప్లికేషన్‌లో ఒకటి. ఆ ఒక్క రోజు తేడాకి దరఖాస్తు తిరస్కరిస్తే ఆ మనిషి ఎన్ని ఆఫీసులు తిరగాలో ఆలోచించండి. పుట్టినరోజు క్షణం కాదు, తేదీ. డేట్‌గానే దాచండి.

మన యాప్‌లు డల్లాస్‌లో ఉన్నవాళ్లూ వాడతారు కదా. అక్కడ ఏడాదికి రెండు సార్లు గడియారం మారుస్తారు. 2024 నవంబర్ 3న అక్కడ రాత్రి ఒంటిగంటన్నర రెండు సార్లు వచ్చింది. మొదటిది 1730615400, రెండోది 1730619000. గంట తేడా, గోడ గడియారం మీద మాత్రం ఒకే టైమ్. పైథాన్‌లో ఫోల్డ్ అనే గుర్తు ఉంది, సున్నా అంటే మొదటిది, ఒకటి అంటే రెండోది. ఏమీ చెప్పకపోతే మొదటిదే. అదే ఏడాది మార్చి 10న రెండున్నర అసలు రానే లేదు, పైథాన్ దానికీ ఎర్రర్ ఇవ్వదు. ఆ టైమ్‌ని అంకె చేసి, మళ్లీ అదే జోన్‌లో తేదీ చేసి చూడండి. మూడున్నర వస్తుంది. మొదట ఇచ్చిందీ తిరిగొచ్చిందీ ఒకటి కాకపోతే, ఆ టైమ్ అక్కడ లేదన్నమాట.

తీసివేతలోనూ ఒక చిక్కుంది. ఒకే జోన్‌లో ఉన్న రెండు డేట్‌టైమ్‌లను తీసివేస్తే పైథాన్ గోడ గడియారాల తేడానే ఇస్తుంది. నవంబర్ 2 మధ్యాహ్నం నుంచి 3 మధ్యాహ్నం దాకా 24 గంటలంటుంది. నిజానికి 25 గంటలు గడిచాయి. గడిచిన కాలం కావాలంటే రెండిటినీ టైమ్‌స్టాంప్‌లు చేసి తీసివేయండి. 90,000 వస్తుంది.

వెనక నుంచి 2038 గురించి అడుగుతున్నారు. సైన్ ఉన్న 32 బిట్లలో పట్టే అతి పెద్ద అంకె 2147483647. అది 2038 జనవరి 19, మన టైమ్ ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. తర్వాతి సెకనుకి అంకె తిరగబడి యూటీసీలో 1901 డిసెంబర్ 13కి పోతుంది. పైథాన్ అంకెలకి ఆ హద్దు లేదు. మీ డేటాబేస్ కాలమ్‌కి ఉండొచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ అనే రకం అక్కడితో ఆగుతుంది, డేట్‌టైమ్ అనే రకానికి ఆ ఇబ్బంది లేదు. 2038 రావాలని ఎదురుచూడనక్కర్లేదు. ఇవాళ ఇచ్చే 20 ఏళ్ల ఇంటి లోన్ ఆఖరి వాయిదా అప్పుడే ఆ హద్దు దాటేసింది. ఇంటికెళ్లి మీ టేబుల్స్‌లో 32 బిట్ల ఇంటీజర్‌గా ఉన్న టైమ్ కాలమ్‌లు వెతికి, బిగ్ ఇంట్ చెయ్యండి.

ఎక్సెల్‌లో ఎలా అని ముందు వరసలో అడిగారు. ఎక్సెల్ రోజులు లెక్కపెడుతుంది, దాని లెక్కలో 1970 జనవరి 1 అంటే 25569. అంకెకి 19,800 కలిపి, 86,400తో భాగించి, 25569 కలిపి, ఆ సెల్‌కి తేదీ ఫార్మాట్ పెట్టండి. 170 కోట్లు ఇచ్చి చూడండి, నవంబర్ 15, 3:43:20 రావాలి.

టెస్టుల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ టీజెడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంటుంది. మీ టెస్టులన్నిటినీ మూడు సార్లు నడపండి, టీజెడ్‌ని ఒకసారి యూటీసీగా, ఒకసారి ఏషియా స్లాష్ కోల్‌కతాగా, ఒకసారి అమెరికా స్లాష్ షికాగోగా పెట్టి. డల్లాస్‌కి షికాగో జోనే వర్తిస్తుంది. మూడు సార్లూ 2014 జూన్ 2కి 1401647400, 1956 నవంబర్ 1కి మైనస్ 415517400 రావాలి. ఒక్కసారి వేరే అంకె వచ్చినా, ఎక్కడో ఒక డేట్‌టైమ్ జోన్ లేకుండా తిరుగుతోంది. వచ్చిన తేడాని సెకన్లలో చూడండి. 19,800 అయితే యూటీసీనౌ లాంటివాటిని వెతకండి, 1,380 అయితే పైటీజెడ్‌ని, 43,200 అయితే పెద్ద హెచ్‌ని.